పట్టి ఉంచిన కుర్చీ

ముందుగా మా మెల్కి మావయ్య సంగతి చెప్పాలి, ఎందుకంటే నా కోపం ఆయన దగ్గరే మొదలైంది. పూర్తి పేరు మెల్కియాదెస్. అమ్మకి స్వయానా తమ్ముడు, ద్రాక్షకోత ముఠాకి మేస్త్రీ. ఫ్రెస్నో నగరానికి దక్షిణాన మేం కూలికి వెళ్లే తోటల్లో ఆగస్టు నెలలో ఎండుద్రాక్ష కోత మొదలవుతుంది. గుత్తులు కోసి, సాళ్ల మధ్య నేల మీద కాగితాలు పరిచి, వాటి మీద ఆరబోయాలి. మొదటి రోజు మేస్త్రీ ఎవరికి ఏ సాళ్లు చూపిస్తే కోత అయ్యేదాకా వాళ్లవి అవే. ఆ రోజు కనబడని మనిషికి ఆ ఏడు పని లేనట్టే.

కాలేజీ కూడా సరిగ్గా అప్పుడే తెరుస్తారు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు సగం మంది తోటల్లో వంగి ఉండే వారం చూసుకుని మరీ తెరుస్తారు. ఆ ముహూర్తం పెట్టినవాళ్లు జన్మలో ఒక్క గుత్తి కోసి ఉండరు.

నాకు నర్సు కావాలని ఉంది. దానికి ముందు శరీర నిర్మాణం క్లాసు పాసవ్వాలి. మా ఊరి కాలేజీలో ఆ క్లాసులో సీటంటే మాటలు కాదు. పాత విద్యార్థులు ముందు ఎంచుకుంటారు, నాలాంటి కొత్తవాళ్లకి మిగిలిందే మిగులు. హైస్కూలు అయ్యాక కొన్నేళ్లు తోటల్లో పనిచేసి, ఇంక చాలనుకుని ఈ ఏడు దరఖాస్తు పెట్టాను. వేసవంతా భోజనాల వేళ తీగల నీడలో కూర్చుని ఫోనులో చూస్తూ ఉంటే, ఒక రోజు ఎవరో వదులుకున్న సీటు దొరికింది. వ్యాన్ దిగగానే ఇంట్లోకి పరుగెత్తి అమ్మకి చెప్పాను. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రమే పండగేమీ లేకపోయినా మొక్కజొన్న పిండితో తమాలెలు ఉడికించి వీధంతా పంచింది.

సీటు దొరికాక మాస్టారి దగ్గర్నుంచి అందరికీ ఒక మెయిల్ వచ్చింది. ఆయన పేరు బరగాన్. మొదటి రోజు రానివాళ్ల పేరు కొట్టేస్తారు, ఆ సీటు వెనక నిలబడి ఎదురుచూసేవాళ్లలో ముందున్న వాళ్లకి ఇస్తారు. కారణాలు రాయొద్దు, వస్తే రండి లేకపోతే లేదు. అంతే మెయిలు. చదివి నవ్వుకున్నాను. మా మావయ్య రూలూ ఇదే కదా అనుకున్నాను.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు, రెండు మొదటి రోజులూ ఒకే సోమవారం పడ్డాయి.

"దానికేముందే," అన్నాడు మావయ్య ఆదివారం మా ఇంట్లో బీన్స్ లాగిస్తూ. "తెల్లారకముందే వ్యాన్ ఎక్కు. నీ సాళ్లు నీకు చూపిస్తా. కాస్త పని చేసినట్టు కనబడు. ఏడింటికి బయల్దేరి క్లాసు టైముకి నేనే కాలేజీ దగ్గర దింపుతా."

"నిజంగా దింపుతావా మావయ్యా?"

"నేనెప్పుడన్నా మాట తప్పానటే?"

ఎన్నోసార్లు తప్పాడు. అయినా నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, ఆ తోటకి బస్సు లేదు, మాకు కారు లేదు.

సోమవారం ఏడయింది. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, పుస్తకాల సంచీ భుజాన వేసుకుని వ్యాన్ దగ్గర నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే తోట యజమాని బండి దుమ్ము రేపుకుంటూ వచ్చింది. మావయ్య టోపీ తీసి చేతిలో పట్టుకుని అటు పరిగెత్తాడు. ఇద్దరూ సాళ్ల వెంట నడుస్తూ, ఆగి కాగితాల మీద పళ్లు చూస్తూ, మళ్లీ నడుస్తూ. నేను వెనకాలే వెళ్లి చెయ్యి ఊపాను. మావయ్య నన్ను చూసి చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. యజమాని కాస్త పక్కకి వెళ్లగానే వెళ్లి పట్టుకున్నాను.

"మావయ్యా, టైమవుతోంది."

"చూస్తున్నావుగా, దొర వచ్చాడు. ఆయన్ని ఒదిలేసి నిన్ను దింపడానికి పోతే రేపట్నించి ముఠా మొత్తం ఇంట్లో కూర్చోవాలి."

"మాటిచ్చావు!"

"ఇచ్చాను. దొర వస్తాడని తెలుసా నాకు? ఒక్కరోజు పోతే కొంపలేం మునగవు."

"సీటు పోతుంది మావయ్యా. తాళాలివ్వు, నేనే నడుపుకుని పోతా."

"వ్యాన్ ఇస్తే నీళ్ల డబ్బాలెవరు తెస్తారే? పో, పని చూసుకో." అంతటితో ఊరుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్లకి వినబడేలా, "ఎముకలు లెక్కపెట్టడం నేర్చుకోవడానికి కాలేజీ దేనికే? మా వీపులు చూడు, అన్నీ బయటికే కనిపిస్తాయి," అన్నాడు. మగవాళ్లు పడీపడీ నవ్వారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. సంచీ నేలకేసి కొట్టాను. పక్క సాలు దాకా వెళ్లి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ రెండేళ్ల కిందట మోకాళ్లు పోయి తోట పని మానేసింది, ఇంట్లోనే ఉంటుంది. మా ఇల్లు కాలేజీకి రెండు వీధుల అవతల. ఏడుపూ తిట్లూ కలగలిపి అంతా చెప్పాను. నీ తమ్ముడు ఇలాంటివాడు, అలాంటివాడు అని నోటికొచ్చిందల్లా అన్నాను.

అమ్మ అంతా విని, "నోర్మూసుకుని పని చూసుకో. నేను పట్టి ఉంచుతాలే," అంది.

మా ముఠాలో ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. ఎవరికన్నా జ్వరం వచ్చినా, బిడ్డ పుట్టినా, వాళ్లింట్లో ఇంకొకళ్లు వచ్చి సాలు పట్టి ఉంచుతారు. తల్లి బదులు కూతురు, అన్న బదులు తమ్ముడు. కొడవలి ఆగకపోతే చాలు, మేస్త్రీ ఏమీ అనడు. సాలు మనిషిది కాదు, ఇంటిది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తున్న పద్ధతే ఇది. అయితే అమ్మ అన్నది విని, వెళ్లి మాస్టారికి విషయం చెప్పి బతిమాలుకుంటుందనుకున్నాను.

సాయంత్రం దుమ్ము కొట్టుకుని ఇంటికి వచ్చేసరికి అమ్మ వెలిగిపోతోంది. పండగలకి తీసే పూల గౌను వేసుకుని ఉంది, ఇంకా విప్పలేదు.

"ఏమన్నాడమ్మా మాస్టారు?"

"ఏమంటాడు? పేరు పిలిచాడు, పలికాను."

"ఎవరి పేరు?"

"నీ పేరే. ఇసౌరా వెంతూరా అన్నాడు. ఉన్నానండీ అన్నాను."

ఈ కాలేజీలో అరవయ్యేళ్లవాళ్లు కూడా కొత్తగా చేరుతుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదట. వెనక గోడకానుకుని సీటు కోసం కాచుకున్నవాళ్లు నిలబడి ఉన్నారట, ఆ గదిలో ఇన్ని కుర్చీలే ఉండాలని ఫైర్ సర్వీసు వాళ్ల లెక్కట. బల్లకొకటి చొప్పున నిజం ఎముకలిచ్చారట. అమ్మ బల్లకి మోకాటి చిప్ప వచ్చిందట.

"ఇంత చిన్నదే అది. దీని మీదా ఇన్నేళ్లు నేను కూలబడి లేచింది అనుకున్నా," అంది అమ్మ నవ్వుతూ.

"అమ్మా, వెళ్లి చెబుతావనుకుంటే నువ్వు నేనని కూర్చున్నావా!"

"సీటు ఖాళీగా ఉండకూడదన్నారు. ఖాళీగా లేదు కదా? ఇంక గోలెందుకు?"

"అది సాలు కాదమ్మా, క్లాసు!"

"క్లాసైతే ఏం? ఎవరిల్లు వాళ్లు పట్టి ఉంచుకోరూ?"

అమ్మ లెక్కలో తప్పేమీ లేదు, లెక్క వేసిన చోటే తప్పు. బుధవారం క్లాసుకి ముందే వెళ్లి మాస్టారితో నేనే చెప్పేస్తానని నిశ్చయించుకున్నాను. మంగళవారం రోజంతా వంగి కోస్తూ ఆ మాటలు వల్లె వేసుకున్నాను.

బుధవారం ముందుగానే వెళ్లాను. తలుపు తాళం వేసి ఉంది. మాస్టారు రాలేదు. గంట కొట్టే వేళకి గబగబా వచ్చి తలుపు తీశారు, అందరం తోసుకుంటూ లోపలికి వెళ్లాం, ఆయన కుర్చీలో కూర్చోకుండానే పేర్లు పిలవడం మొదలుపెట్టారు. తల ఎత్తను కూడా ఎత్తలేదు. నా పేరు వచ్చింది. క్లాసయ్యాక చెబుదామనుకుని, "ఉన్నానండీ," అన్నాను.

"సార్," అంది వెనకనుంచి ఒక గొంతు. "సోమవారం ఆ సీట్లో ఉన్నది ఈ అమ్మాయి కాదు. పెద్దావిడ."

వెనక్కి తిరిగి చూశాను. గోడకానుకుని నిలబడ్డ వాళ్లలో అందరికన్నా ముందున్న పిల్ల. పొట్టిగా, కళ్లజోడుతో, చేతివేళ్లన్నీ ఆకుపచ్చ మరకలతో. మా ఊరి చివర కూరగాయలు పండించే హ్మోంగ్ అనే వలస జాతివాళ్ల పిల్ల, తర్వాత తెలిసింది, పేరు మైలీ.

బరగాన్ మాస్టారు తలెత్తారు. నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వెవరు?"

"నేనే సార్ ఇసౌరా. సోమవారం వచ్చింది మా అమ్మ. క్లాసయ్యాక మీకు చెబుదామనే…"

క్లాసంతా గొల్లుమంది. ఎవడో, "రేపు పరీక్షకి వాళ్ల నానమ్మొస్తుంది," అన్నాడు. మళ్లీ నవ్వులు. మాస్టారు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఎక్కడున్నావు సోమవారం?"

"కోతలో సార్. మొదటి రోజు. దింపుతానన్న మనిషి దింపలేదు."

"కోతలో," అన్నారు ఆయన నెమ్మదిగా. "నేనూ ఆ తోటల్లోంచే వచ్చానమ్మా. నా చేతులకీ ఆ జిగురు అంటింది. నేను మొదటి రోజు మానలేదు. ఇంకొకళ్లని నా పేరుతో పంపనూ లేదు. దాన్ని మోసం అంటారు ఇక్కడ."

మోసం! అమ్మ ముఖం కళ్ల ముందు మెదిలింది, ఆ పూల గౌనూ అదీ. ఒళ్లు భగ్గుమంది.

"మా అమ్మ మోసగత్తె కాదు సార్. సీటు కాపాడిందంతే."

"సీటు నీది కాదు కాపాడటానికి. సోమవారమే పోయింది." కాగితం మీద గీత కొట్టారు. వెనక్కి చూసి, "నువ్వు ముందుకు రా. పేరు?" అన్నారు.

"మైలీ వాంగ్."

ఆ పిల్ల నా పక్కనుంచే వచ్చింది. నేను లేచేదాకా నిలబడింది. నా కళ్లలోకి చూడలేదు. నేను సంచీ తీసుకుని లేచి, గుమ్మం వైపు వెళ్లబోయి ఆగాను. వెళ్లిపోతే ఇంక అంతే. వెనక గోడ దగ్గరికి వెళ్లి, వరసలో ఆఖరున నిలబడ్డాను. చేర్చుకోవడానికి గడువు మొదటి మూడు వారాలు. ఆ లోపల ఎవరన్నా మానితే వాళ్ల చోటు నిలబడ్డవాళ్లకి. మాస్టారు నా వంక ఒకసారి చూసి పాఠం మొదలుపెట్టారు. భుజం ఎముకల పేర్లు. నేను నోటుబుక్కు అరచేతిలో పెట్టుకుని రాసుకున్నాను. కోపంలో పెన్ను కాగితంలోకి దిగిపోయేలా నొక్కాను. అక్షరాలు నాకే అర్థం కాలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన రభస వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. ముందు అమ్మ మీద పడ్డాను.

"నన్ను నలుగురిలో దొంగని చేశావు! మోసం అన్నాడమ్మా ఆయన. మోసం!"

"నేనా మోసం చేసింది?" అమ్మ మొహం పాలిపోయింది. "నీ సీటు పోతుందనే కదే నేను…"

"ఎవరు వెళ్లమన్నారు నిన్ను? వెళ్లినదానివి నోరు విప్పి నిజం చెప్పి ఉంటే పోయేదేంటి?"

"చెబుదామనే వెళ్లాను." అమ్మ గొంతు మారింది. "గుమ్మం దగ్గర నిలబడ్డాను. కుర్చీ చూపించి రండి కూర్చోండి అన్నాడు. కూర్చున్నాను. చల్లటి గది. మెత్తటి కుర్చీ. ఎముక చేతికిచ్చి, ఇది ఏమై ఉంటుందో మీరేమనుకుంటున్నారు అని అడిగాడు. నన్నే అడిగాడే. నేను చెప్పేదాకా ఆగాడు. ఇన్నేళ్లలో నన్నెవరూ నువ్వేమనుకుంటున్నావని అడగలేదు. ఇంక లేచి, నేను కాదండీ అని చెప్పాలనిపించలేదు. అంతే. చంపుతావా?"

నాకు ఇంకా కోపం వచ్చింది. కోప్పడటానికి వీల్లేకుండా చేసిందని వచ్చింది. గిన్నె తీసి గట్టిగా పెట్టి వెనక్కి తిరిగేసరికి మావయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మా ఇంటి బీన్స్ వాసన ఆయనకి ఎక్కడున్నా తగులుతుంది.

"ఏమయిందే, డాక్టరమ్మని గెంటేశారటగా?"

"నువ్వు మాట్లాడకు! నీ వల్లే!"

"నా వల్లా? మీ అమ్మ పోయి నీలా కూర్చుందట. ముఠా అంతా చెప్పుకుని నవ్వుతోంది."

"నవ్వండి. దొర రాగానే టోపీ తీసి వెనకాల పరిగెత్తే మనిషి మేనకోడలికిచ్చిన మాట నిలబెట్టుకోలేడని కూడా చెప్పుకుని నవ్వండి."

మావయ్య మొహం ఎర్రబడింది. "నోరు తిన్నగా పెట్టుకో. సోమ, బుధవారాల్లో కాలేజీకంటూ పోతే నీ సాళ్లు ఇంకొకళ్లకిస్తా. మేస్త్రీని నేను."

"పట్టి ఉంచడానికి ఇంట్లో మనిషి ఉంటే ఇవ్వవుగా," అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

"ఎవరు పట్టి ఉంచుతారు? నీ మోకాళ్లతోనా?"

"నా మోకాళ్లు నా ఇష్టం. రూలు నీదే."

మావయ్య పద్ధతే ఆయన మెడకి చుట్టుకుంది. నేను వద్దన్నాను. అమ్మ వినలేదు. అసలు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మళ్లీ సోమవారం తెల్లారకముందే, రెండేళ్లుగా ముట్టని కొడవలి నూరుకుని, మోకాళ్లకి గుడ్డలు బిగించుకుని వ్యాన్ ఎక్కింది. నేను కాలేజీకి పోయి గోడకానుకుని నిలబడ్డాను.

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి. క్లాసంతా కూర్చుని ఉంటుంది. వెనక మేం. మాకు ఎముకలు చేతికివ్వరు, మేం లెక్కలో లేం. బల్లల మధ్యకి తొంగి చూడాలి. నా సీట్లో కూర్చున్న మైలీ జడ వెనకనుంచి కనిపిస్తూ ఉంటుంది. ఆ జడ చూస్తూనే వెన్నెముక పేర్లన్నీ నేర్చుకున్నాను. సాయంత్రాలు ఇంటికొస్తే అమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని, స్పిరిట్లో మూలికలు నానబెట్టిన సీసాలోంచి మందు తీసి మోకాళ్లకి పట్టించుకుంటూ ఉండేది. అడగబోతే మొహం తిప్పుకునేది. వాచిన ఆ మోకాళ్లు చూసి నాకు మావయ్య మీద, మాస్టారి మీద, ఆ పిల్ల మీద, కాలేజీ క్యాలెండర్ మీద వరసగా మంట రేగేది.

ఒక రోజు క్లాసయ్యాక వరండాలో మైలీ నా వెనకే వచ్చింది. చేతిలో కాగితాలు.

"ఇవి బల్ల మీద చేసిన పని తాలూకు నోట్సు. వెనకనుంచి నీకు కనబడి ఉండదు."

"నీ జాలి నాకక్కర్లేదు."

"జాలి కాదు. కావాలంటే తీసుకో లేకపోతే లేదు."

"ఆ రోజు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది నీకు."

కళ్లజోడు పైకి తోసుకుంది. "నేను అన్నది అబద్ధమా? పోయినేడు రెండుసార్లు ఆ గోడ దగ్గర నిలబడి సీటు రాక వెళ్లిపోయాను. మూడోసారి నా ముందు ఒక సీటు ఖాళీ అవ్వాల్సి ఉండి అవ్వకపోతే ఊరుకుంటానా? నువ్వైతే ఊరుకునేదానివా?"

ఊరుకునేదాన్ని కాదు. ఆ మాట ఆ పిల్లకి చెప్పే ఉద్దేశం మాత్రం నాకు లేదు. "నీ నోట్సు నువ్వే పెట్టుకో," అని విసురుగా వచ్చేశాను. వచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు.

గోడ దగ్గర జనం తగ్గుతూ వచ్చారు. ఒకడు వేరే కాలేజీకి పోయాడు. ఒకామెకి రాత్రి డ్యూటీ పడింది. ఇద్దరికి మధ్యలో సీట్లొచ్చాయి. గడువు ఆఖరి రోజుకి నేనొక్కదాన్నే మిగిలాను. ఆ ఉదయం అమ్మ వ్యాన్ ఎక్కబోతూ మెట్టు మీద కాలు పెట్టి, రెండో కాలు ఎత్తలేక తలుపు పట్టుకుని ఆగిపోయింది. మావయ్య కిందికి దిగి అమ్మని ఎత్తి కూర్చోబెట్టాడు. నా వైపు చూడలేదు. ఆ రోజు సీటు దొరక్కపోతే అమ్మ పడ్డ ఆ నొప్పంతా బూడిదలో పోసిన పన్నీరే.

బరగాన్ మాస్టారు పేర్లు పిలుస్తున్నారు. అందరూ పలుకుతున్నారు. ఒక్కొక్కళ్లు పలికినప్పుడల్లా నా ఆశ కిందికి దిగుతోంది.

"మైలీ వాంగ్."

జవాబు లేదు. కుర్చీ ఖాళీగా ఉంది. నేను గమనించనే లేదు.

"మైలీ వాంగ్?" మళ్లీ పిలిచారు. గోడ గడియారం చూశారు. కాగితం మీద గీత కొట్టారు. "వెంతూరా. వచ్చి కూర్చో."

కాళ్లు వాటంతటవే నడిచాయి. కూర్చున్నాను. అబద్ధం ఎందుకు, సంతోషమే వేసింది. బాగా అయింది అని కూడా అనుకున్నాను. నా సీటు నా దగ్గరికొచ్చింది. నా ముందు బల్ల మీద చెయ్యి ఎముకలు పెట్టి ఉన్నాయి, మొదటిసారి నా చేత్తో తీసి పట్టుకున్నాను. నున్నగా, తేలిగ్గా ఉన్నాయి.

పాఠం మొదలైన కాసేపటికి తలుపు తెరుచుకుంది. మైలీ. మోకాళ్లదాకా మట్టి, చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఊపిరి అందడం లేదు.

"సార్, మా నాన్న కూరల ట్రక్కు సంతలో ఆగిపోయింది. పెట్టెలు దింపి నడిచి…"

"కారణాలు వద్దని మొదటి రోజే చెప్పాను," అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు. "సీటు ఇచ్చేశాను."

మైలీ నన్ను చూసింది. నా చేతిలో ఎముక చూసింది. అరుస్తుందనుకున్నాను. ఆ రోజు క్లాసందరి ముందు వేలెత్తి చూపిన పిల్ల కదా, ఏదో ఒకటి అంటుందనుకున్నాను. తల వంచుకుని నడిచి వెళ్లి, వెనక గోడకానుకుని నిలబడింది. నేను రెండు వారాలు నిలబడ్డ చోటే. అలవాటైనదానిలా నోటుబుక్కు తీసి అరచేతిలో పెట్టుకుంది.

ఆ అలవాటు చూసేసరికి నాకు పిచ్చెత్తినట్టయింది. ఈ పిల్లకి ఇది నాలుగోసారి. తోటలో మమ్మల్ని పరిగెత్తించేవాడొకడు, సంతలో వాళ్ల చేత మోయించేవాడొకడు. మా ఇద్దరినీ ఒక్క కుర్చీ కోసం ఇక్కడ తన్నుకోమని వదిలేశారు. పైగా ఒకళ్లు పోతే ఇంకొకళ్లు బాగా అయిందనుకోవాలి. నేను అనుకున్నాను కూడా, ఇప్పుడే. నా మీద నాకే అసహ్యం వేసింది. లేచి నిలబడ్డాను.

"ఏమిటి?" అన్నారు మాస్టారు.

"ఆ అమ్మాయికి కూడా సీటివ్వండి సార్."

"లేదు. గది లెక్క నీకు తెలుసు. నీ సీటు ఇచ్చేస్తావా ఆమెకి?"

"ఇవ్వను. నేనెందుకివ్వాలి? మా అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి దీని కోసం."

"అయితే కూర్చో."

"కూర్చోను."

క్లాసులో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు మార్కర్ బల్ల మీద పెట్టారు. "తమాషాగా ఉందా? సీటు వదలనంటావు, కూర్చోనంటావు. ఏం కావాలి నీకు?"

"మీకు తెలుసు సార్ ఏం కావాలో. మీరూ తోటల్లోంచే వచ్చానన్నారు. మొదటి రోజు మానలేదన్నారు. మిమ్మల్ని ఎవరు దింపారో, ఆ రోజు మీ సాలు ఎవరు పట్టి ఉంచారో మాత్రం చెప్పలేదు."

ఆయన మొహంలో ఏదో కదిలింది. వెంటనే బిగుసుకుంది. "ఇసౌరా, కూర్చో. మనిషి నిలబడి ఉంటే నేను పాఠం చెప్పలేను."

"రెండు వారాలు వెనక నిలబడితే బాగానే చెప్పారు కదా సార్."

వెనకనుంచి మైలీ సన్నగా, "ఊరుకో, నీది కూడా పోతుంది," అంది. నేను కదల్లేదు. బల్ల అంచు పట్టుకున్నాను. సీటు పోతుందని నాకూ తెలుసు. ఒక్క గీత చాలు.

మాస్టారు కాగితం వంక చూశారు. పెన్ను తీశారు. చాలాసేపు దాన్ని కాగితం మీదే ఉంచారు. తర్వాత జేబులో పెట్టుకుని గదిలోంచి బయటికి వెళ్లిపోయారు. ఆఫీసుకి వెళ్లారనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు. పక్క గది తలుపు చప్పుడైంది. ఆయన ఒక ఎత్తు స్టూలు ఈడ్చుకుంటూ వచ్చి, మా బల్ల చివర ఠకీమని పెట్టారు.

"ఫైర్ ఇన్స్పెక్టర్ వస్తే ముందు నువ్వు బయటికి," అన్నారు మైలీతో. నా వైపు తిరిగి, "దీనికి ఆఫీసులో నేను మాట పడాలి. నీకు నా మీద కోపం తగ్గిందా?" అన్నారు.

"లేదు సార్."

"సరే. కోపంతోనే కూర్చో."

మైలీ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆమె చేతుల మీది పచ్చిమట్టి బల్లకి అంటింది. చెయ్యి ఎముకలు మా ఇద్దరి మధ్యకి జరిపాను. మాస్టారు ముంజేతి ఎముకల పేర్లు బోర్డు మీద రాయడం మొదలుపెట్టారు. నేను కూర్చుని, నోటుబుక్కు బల్ల మీద పెట్టి, ఆయన రాసిందల్లా ఎక్కించుకున్నాను. నా కోపం ఇసుమంత కూడా తగ్గలేదు.